అడగకుండా అందిన అన్నం, అక్షరం

అన్నదానం ఆ పూట ఆకలిని తీరుస్తుంది, విద్యాదానం బ్రతుకంతటికీ దారి చూపుతుంది అని పెద్దల మాట. ఈ రెండూ ఒక్కచోట కలిసినప్పుడు అంతకు మించిన దైవారాధన లేదని మన పూర్వులు భావించారు. తల్లిదండ్రులు లేని బాలుడు ఊరికి వస్తే ఏడు ఇళ్ళవారు వారంలో ఒక్కొక్క రోజు చొప్పున భోజనం పెట్టి చదివించిన కాలం మనకు తెలియనిది కాదు. ‘వారాలు చేసుకుని చదువుకున్నాను’ అని గర్వంగా చెప్పుకొన్న పండితులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు మన తాతల తరంలో ఎందరో ఉన్నారు. తుమకూరు సిద్ధగంగా మఠంలో శ్రీ శివకుమార స్వామి (1907–2019) కులమత భేదం చూడకుండా వేలాది పిల్లలకు అన్నం, వసతి, చదువు సమకూర్చారు. తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరాన్ని నడుపుతోంది. భక్తి ఎక్కడ నిజమైనదో అక్కడ అది అనాథ శిశువు వైపు చేయి చాస్తుంది.

ఈ ధర్మం మన దేశానికే పరిమితం కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో, బ్రిస్టల్ నగరంలో, ఒక క్రైస్తవ భక్తుడు పది వేలమందికి పైగా అనాథలను పెంచి, చదివించి, వృత్తి నేర్పి లోకంలోకి పంపారు. అరవై ఏళ్ళకు పైగా సాగిన ఆ మహాకార్యానికి ఆయన ఏ ఒక్కరినీ చేయి చాచి అడగలేదు. ఆయన పేరు జార్జి ముల్లర్. మతం వేరైనా, మార్గం వేరైనా, ఆ జీవితంలో దాతలు నేర్చుకోదగినదీ, నిలిచి ఆలోచించదగినదీ ఎంతో ఉంది.

హాలేలో నాటిన విత్తు

ముల్లర్ కథకు బీజం ఆయన పుట్టడానికి నూరేళ్ళకు ముందే జర్మనీలోని హాలే పట్టణంలో పడింది. అక్కడ ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే ఆచార్యుడు మతబోధకుడిగా ఉండేవారు. 1695లో ఒకనాడు ఆయన ఇంట్లో బీదల కోసం ఉంచిన పెట్టెలో నాలుగు థేలర్లు, పదహారు గ్రోషెన్లు కనిపించాయి. అది పెద్ద మొత్తం కాదు. అయినా ఆయన దానినే మూలధనంగా భావించి, పుస్తకాలు కొని, ఒక పేద విద్యార్థిని ఉపాధ్యాయుడిగా నియమించి, బీదపిల్లలకు బడి పెట్టారు. ఆ బడి అనాథాశ్రమమైంది, పాఠశాలల సముదాయమైంది, దానికి ఔషధశాల, ముద్రణాలయం తోడయ్యాయి. 1727లో ఫ్రాంకే కన్నుమూసే నాటికి అక్కడ చదువుకుంటున్న పిల్లలు రెండు వేలకు పైమాటే.

జార్జి ముల్లర్ 1805 సెప్టెంబరు 27న ప్రష్యాలోని క్రొప్పెన్‌స్టెట్‌లో జన్మించారు. యౌవనంలో ఆయన నడవడి మంచిది కాదు. తండ్రి సొమ్ము దొంగిలించారు, విలాసాలకు అలవాటుపడ్డారు, బస చేసినచోట డబ్బు చెల్లించలేక పదహారో ఏట చెరసాలకు వెళ్ళారు. అటువంటి యువకుడు వేదాంతం చదవడానికి హాలే విశ్వవిద్యాలయంలో చేరారు. 1825 నవంబరులో ఒక సామాన్యుడి ఇంట్లో జరిగిన ప్రార్థనకు స్నేహితుడి వెంట వెళ్ళి, అక్కడ మోకరిల్లి ప్రార్థిస్తున్నవారిని చూసి చలించిపోయారు. ఆనాటి నుంచి ఆయన బ్రతుకు మారింది. బోయ వాల్మీకి అయిన వృత్తాంతం తెలిసిన మనకు ఆ మార్పు వింతగా తోచదు.

ఆ తరువాత, పేద విద్యార్థులకు ఉచితంగా వసతి కల్పించే ఫ్రాంకే అనాథాశ్రమంలోనే ముల్లర్ రెండు నెలలు తలదాచుకున్నారు. ఎవరో ఎన్నడో చేసిన దానం నీడలో తాను నిద్రించారన్నమాట. ఆయన ఆ నీడను మరచిపోలేదు. పదేళ్ళ తరువాత, 1835లో, ఫ్రాంకే జీవితచరిత్ర మళ్ళీ చదివినప్పుడే బ్రిస్టల్‌లో అనాథాశ్రమం స్థాపించాలనే సంకల్పం ఆయనలో బలపడింది.

అన్నీ అడిగి, పిల్లలను అడగడం మరచి

ముల్లర్ 1832లో బ్రిస్టల్ చేరారు. ఆ ఏడాది కలరా మహమ్మారి ఆ నగరాన్ని పీడించింది. వీధుల్లో దిక్కులేని పిల్లలు తిరుగాడేవారు. తల్లిదండ్రులు లేని బీదపిల్లలకు ఆనాడు ‘వర్క్‌హౌస్’ అనే బీదలశాల తప్ప వేరే దిక్కు అరుదు. ఉన్న అనాథాశ్రమాలలో చాలావాటిలో చేరాలంటే చందాదారుల ఓట్లు సంపాదించాలి. పలుకుబడి గల బంధువులు లేని బిడ్డకు ఆ తలుపు తెరుచుకునేది కాదు.

1834లో ముల్లర్ పాఠశాలలకు, గ్రంథ ప్రచారానికి తోడ్పడే ఒక ధర్మసంస్థను నెలకొల్పారు. 1836 ఏప్రిల్ 11న విల్సన్ వీధిలోని ఆరో నంబరు ఇంట్లో ముప్పైమంది బాలికలకు చోటు ఉండేలా అనాథ గృహం తెరిచారు. ఆ ఆరంభం గురించి ఆయనే వ్రాసుకున్న ఒక ముచ్చట ఉంది. ఇల్లు కావాలని ప్రార్థించారు, దొరికింది. ధనం కావాలని, సేవకులు కావాలని ప్రార్థించారు, లభించాయి. దరఖాస్తులు స్వీకరిస్తామని చెప్పిన రోజున ఆయన గంటల తరబడి కూర్చున్నా ఒక్కరూ రాలేదు. అప్పుడు ఆయనకు స్ఫురించింది: అన్నీ అడిగాను గానీ పిల్లలను పంపమని దేవుణ్ణి అడగలేదే! ఆ రాత్రి ఆ ప్రార్థనా చేశారు. మరునాటి నుంచి దరఖాస్తులు రావడం మొదలైంది.

కొద్ది సంవత్సరాలలో ఆ వీధిలో నాలుగు ఇళ్ళు పిల్లలతో నిండాయి. 1845లో ఇరుగుపొరుగువారు పిల్లల సందడి గురించి మర్యాదగానే ఫిర్యాదు చేశారు. వారి మాటలో న్యాయం ఉందని ముల్లర్ అంగీకరించి, నగరం వెలుపల ఆష్లీ డౌన్ అనే ఎత్తైన ప్రదేశంలో స్థలం కొన్నారు. 1849లో అక్కడ మూడు వందలమందికి మొదటి భవనం సిద్ధమైంది. 1870 నాటికి అయిదు భవనాలు నిలిచాయి. ఒకేసారి 2,050 మంది పిల్లలు ఉండగలిగేటంత నివాసమది.

అయాచిత వ్రతం

అడగకుండా వచ్చినదానితోనే జీవించడాన్ని మన సంప్రదాయం ‘అయాచితం’ అంటుంది. భగవంతుణ్ణే నమ్మి, రాజాశ్రయాన్ని కాదని, ఉంఛవృత్తితో కుటుంబాన్ని పోషించుకున్న త్యాగరాజస్వామి మనకు ప్రాతఃస్మరణీయుడు. అనన్యచింతనతో తనను ఉపాసించేవారి యోగక్షేమాలు తానే వహిస్తానని గీతాచార్యుడు అభయమిచ్చాడు. ఆ అభయాన్ని ఒక వ్యక్తి తన బ్రతుకుకు అన్వయించుకోవడమే కష్టం. రెండు వేలమంది పసిపిల్లల రేపటి భోజనాన్ని దాని మీద నిలపడం ఎంతటి సాహసమో ఊహించవచ్చు.

ముల్లర్ పెట్టుకున్న నియమాలు మూడు. ఎవరినీ విరాళం అడగకూడదు. తన అవసరాన్ని దేవుడికి తప్ప మరొకరికి సూచనగానైనా తెలియజేయకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ అప్పు చేయకూడదు. 1830లోనే ఆయన చర్చి నుంచి వచ్చే నియతమైన జీతాన్ని వదులుకున్నారు. పాలవాడికి, రొట్టెలవాడికి వారం లెక్క పెట్టకుండా ఏ రోజు సొమ్ము ఆ రోజే చెల్లించే పద్ధతి పెట్టారు. చేతిలో లేనిది కొనకూడదన్నమాట.

ఈ వ్రతం సుఖంగా సాగలేదు. 1838 మొదలు కొన్ని సంవత్సరాల పాటు ఆశ్రమపు పెట్టెలో చిల్లర కూడా లేని రోజులు ఎన్నో వచ్చాయి. సేవకులు తమ వద్దనున్న వస్తువులు అమ్మి పూట గడిపిన సందర్భాలు ఆయన దినచర్యలో కనిపిస్తాయి. 1841 చివర అటువంటి ఇబ్బందిలోనే వార్షిక సభ జరపవలసిన సమయం వచ్చింది. సభ పెట్టి నివేదిక చదివితే అది యాచన అవుతుందేమోనని ఆయన సభను, నివేదికను వాయిదా వేశారు. ప్రచారానికి అవకాశం దొరికితే చాలునని ఎదురుచూసే నేటి కాలానికి ఇది వింతగా తోచవచ్చు.

ముల్లర్ నివేదికలే ఒక విధమైన విజ్ఞప్తి కదా అన్న విమర్శ ఉంది. అది కొట్టిపారేయదగినది కాదు. ఆయన దినచర్యలు, వార్షిక నివేదికలు దేశదేశాల్లో చదివారు, చదివినవారు ధనం పంపారు. అయితే ఆ నివేదికల్లో ప్రతి పెన్నీకీ లెక్క ఉండేది. దాతల పేర్లు ఉండేవి కావు. ఎవరు ఎంత ఇచ్చారో లోకానికి తెలియదు. ఎంత వచ్చింది, ఎక్కడికి పోయింది అన్నది మాత్రం అందరికీ తెలుసు. గుప్తదానానికీ బహిరంగమైన లెక్కకూ వైరుధ్యం లేదని ఆ పద్ధతి నిరూపించింది. 1857లో చార్లెస్ డికెన్స్ నడిపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వారపత్రిక ఈ ఆశ్రమం గురించి ప్రత్యేకంగా వ్యాసం ప్రచురించింది. పేదపిల్లల పాట్లను నవలల్లో కళ్ళకు కట్టిన రచయిత పత్రిక అది.

కుట్టుపని స్త్రీ ఇచ్చిన నూరు పౌండ్లు

తొలినాళ్ళలో వచ్చిన దానాలలో ఒకటి దాతకూ గ్రహీతకూ ఇద్దరికీ పాఠమవుతుంది. కుట్టుపని చేసుకుని, వారానికి కొద్ది షిల్లింగులతో బ్రతికే ఒక బలహీనురాలైన స్త్రీ ముల్లర్‌కు నూరు పౌండ్లు పంపింది. ఆమెకు వారసత్వంగా నాలుగు వందల ఎనభై పౌండ్లు వచ్చాయి. అందులో తండ్రి చేసిన అప్పులు తీర్చింది, తల్లికి కొంత ఇచ్చింది, అనాథలకు ఈ భాగం కేటాయించింది.

నిధుల కోసం ఎదురుచూస్తున్న ముల్లర్ ఆ సొమ్మును వెంటనే అందుకోలేదు. ఆమెను పిలిపించి మాట్లాడారు. ఆవేశంలో ఇస్తున్నదేమో, రేపు పశ్చాత్తాపపడుతుందేమో, తన అవసరాలు ఆలోచించుకుందో లేదో విచారించారు. ఆమె నిశ్చయం దృఢమైనదని, దాని వెనుక భక్తి తప్ప మరొకటి లేదని తెలిసిన తరువాతే స్వీకరించారు. దానం ఇచ్చేటప్పటి మనఃస్థితికి మన తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి ఎంతో ప్రాధాన్యమిచ్చింది. పుచ్చుకునేవాడికీ ఒక ధర్మం ఉందని, దాత క్షేమం కూడా అతడు చూడాలని ఈ సంఘటన తెలుపుతుంది.

అక్షరం మీద ఆక్షేపణ

ముల్లర్ పిల్లల కడుపు నింపడంతో ఆగలేదు. చదవడం, వ్రాయడం, లెక్కలతో పాటు వ్యాకరణం, భూగోళం, ఇంగ్లండు చరిత్ర, ప్రపంచ చరిత్ర, సంగీతం నేర్పించారు. మగపిల్లలు కూడా సూది పట్టడం, చిరిగిన బట్ట బాగుచేసుకోవడం నేర్చుకునేవారు. పధ్నాలుగో ఏడు వచ్చే వరకు బాలురను చదివించి, తరువాత వారికి తగిన వృత్తి నేర్పే యజమాని వద్ద చేర్పించి, ఆ శిక్షణకు అయ్యే రుసుమును ఆశ్రమమే చెల్లించేది. బాలికలను సాధారణంగా పదిహేడో ఏటి వరకు ఉంచేవారు. వెళ్ళే ప్రతి బిడ్డకూ బట్టలతో నింపిన పెట్టె, ఒక బైబిలు ఇచ్చి పంపేవారు.

అనాథలకు ఇంత చదువెందుకు, వారి స్థాయికి మించి పెంచుతున్నారని ఆనాటి పెద్దమనుషులు కొందరు ఆక్షేపించారు. చదువుకుంటూ కూర్చుంటే కర్మాగారాలకు, గనులకు పనివారెక్కడ దొరుకుతారని మరికొందరి బాధ. ఈ మాటలు మన దేశంలోనూ మనం వినని మాటలు కావు. ముల్లర్ సమాధానం చెప్పలేదు, బడి మూయలేదు. ఆష్లీ డౌన్ గాక ఆయన సంస్థ సహాయంతో దేశవిదేశాల్లో 117 పాఠశాలలు నడిచాయి. వాటిలో లక్షా ఇరవై వేలమందికి పైగా చదువుకున్నారు.

1898 మార్చి 10న తొంభై రెండేళ్ళ వయసులో ఆయన దేహం చాలించారు. ఆయన చేతుల మీదుగా 13 లక్షల 80 వేల పౌండ్లకు పైగా సొమ్ము ధర్మకార్యాలకు వెళ్ళింది. ఆయన ఆశ్రమంలో పెరిగిన పిల్లలు 10,024 మంది. ఆయన సొంతానికి మిగిలింది సామానుతో కలిపి నూట అరవై పౌండ్ల పైచిలుకు. అంతిమయాత్ర సాగిన దారి పొడవునా నగర ప్రజలు వేల సంఖ్యలో నిలబడి నమస్కరించారు.

గోదావరి తీరంతో బంధం

ఈ కథకు తెలుగునేలతో బంధం రెండు విధాల ఉంది. ఫ్రాంకే అనాథాశ్రమం నెలకొన్న హాలే పట్టణంలోనే, చెన్నపట్నంలో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే పాదరీ పూనికతో 1746 ప్రాంతంలో తెలుగు లిపిలో చిన్న పుస్తకాలు అచ్చయ్యాయి. తెలుగు ముద్రణ చరిత్రలో తొలి పుస్తకాలుగా వాటిని పేర్కొంటారు.

రెండో బంధం ఇంకా దగ్గరిది. ముల్లర్ భార్య మేరీకి అన్న ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్. దంతవైద్యుడిగా బాగా ఆర్జించి, ఆస్తిని త్యజించి మతసేవలో దిగినవాడు. ఆయన ప్రేరణతో 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే ఇద్దరు సామాన్యులు భార్యలతో కలిసి బయలుదేరి వచ్చి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. నందన నామ సంవత్సరపు కరువు (1832–33) కోస్తా జిల్లాలను శ్మశానం చేసి నాలుగేళ్ళయినా కాని రోజులవి. గ్రోవ్స్ కొంతకాలం చిత్తూరులో ఉండి, చివరకు 1853లో బ్రిస్టల్‌లోని ముల్లర్ ఇంట్లోనే తనువు చాలించారు. ముల్లర్ స్వయంగా 1883–84లో భారతదేశంలో పర్యటించి ప్రసంగించారు.

అన్నానికి వెల విశ్వాసమా?

ఇక్కడ మన ఇళ్ళల్లో సహజంగా కలిగే ప్రశ్న ఒకటి ఉంది. అన్నం పెట్టి, చదువు చెప్పి, దానితో పాటు మతాన్నీ మార్చడం ధర్మమేనా? ఈ ప్రశ్నను దాటవేయడం ఎవరికీ మంచిది కాదు.

ముల్లర్ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. ప్రార్థనకు దేవుడు పలుకుతాడని లోకానికి చూపడమే తన ప్రథమ లక్ష్యమని, పిల్లల ఆత్మక్షేమం రెండోదని, వారి లౌకిక క్షేమం ఆ తరువాతిదని వ్రాశారు. ఆశ్రమంలో బైబిలు బోధన నిత్యం సాగేది. అయితే అక్కడ చేరినవారు తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఇంగ్లండు పిల్లలు, చాలావరకు క్రైస్తవ కుటుంబాలలోనే పుట్టినవారు. ఏ శాఖవారి బిడ్డ అన్న విచారణ చేర్చుకోవడానికి అడ్డం కాలేదు. మన దేశంలో పరిస్థితి వేరు. ఇక్కడ ఆశ్రమంలో చేరే బిడ్డ వెనుక ఒక నాయనమ్మ పెట్టిన దీపం ఉంటుంది, ఒక గ్రామదేవత జాతర జ్ఞాపకం ఉంటుంది. తల్లిదండ్రులు పోయిన బిడ్డకు మిగిలిన ఆస్తి చాలాసార్లు అదే. ఆకలి తీర్చడానికి దానిని తాకట్టు పెట్టమనడం ఏ మతంవారు చేసినా దానం కాదు, బేరమవుతుంది.

ఈ విషయంలో రాజ్యాంగం స్పష్టంగా ఉంది. ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలో ఏ విద్యార్థినీ మతబోధకు గానీ ప్రార్థనకు గానీ హాజరుకమ్మని నిర్బంధించకూడదని, మైనరు అయితే సంరక్షకుడి సమ్మతి ఉండాలని 28వ అధికరణం మూడో ఖండం చెబుతోంది. ఈ నియమం క్రైస్తవ పాఠశాలకు ఎంత వర్తిస్తుందో ఇతర మతాలవారు నడిపే పాఠశాలకూ అంతే వర్తిస్తుంది.

అదే సమయంలో మరొక సత్యాన్ని కూడా ఒప్పుకోవాలి. మనం వెళ్ళని వాడలకు, మనం ముట్టుకోని బిడ్డల వద్దకు మిషనరీలు వెళ్ళారు, పలక చేతికిచ్చారు. మతం మారకుండానే ఆ బడుల్లో చదివి పైకి వచ్చినవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు. వారిని ఆక్షేపించే ముందు, ఆ బిడ్డ ఆకలితో నిలిచిన నాడు మన ఇంటి అరుగు ఎందుకు ఖాళీగా ఉందో తలచుకోవడం న్యాయం. ఫిర్యాదు కంటె మన వంతు అన్నం పెట్టడమే సరైన సమాధానం.

ఇచ్చే ముందు చూడవలసినవి

అనాథ బాలబాలికల చదువుకు తోడ్పడదలచిన గృహస్థులకు ముల్లర్ జీవితం నుంచి, నేటి చట్టం నుంచి కొన్ని సూచనలు లభిస్తాయి.

మొదటిది, ఆశ్రమం 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదైనదా అని విచారించాలి. పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థకూ ఇది తప్పనిసరి. పిల్లలు బాలల సంక్షేమ సమితి ద్వారానే అక్కడికి రావాలి.

రెండోది, లెక్కలు అడగాలి. అడగడం అవిశ్వాసం కాదు. ముల్లర్ అడగకుండానే చూపారు, మంచి సంస్థ అడిగితే సంతోషంగా చూపుతుంది.

మూడోది, బిడ్డకు తల్లి గానీ, తాత గానీ, మేనమామ గానీ ఉన్నారేమో తెలుసుకోవాలి. ఆష్లీ డౌన్‌లోని ఆ మహాభవనాలను కూడా 1958 నాటికి అమ్మివేశారు. పెద్ద భవనం కంటె చిన్న కుటుంబం బిడ్డకు మేలని కాలం నేర్పింది. ఆశ్రమంలో చేర్చడం చివరి మార్గమే కావాలని మన చట్టం కూడా అంటోంది. పేదరికం ఒక్కటే కారణమైతే ఆ ఇంటికే సాయం చేయడం మేలు. మిషన్ వాత్సల్య కింద 2022 మార్గదర్శకాలు అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం నిర్ణయించాయి. మన పక్కింటి వితంతువుకు ఆ సంగతి చెప్పి, దరఖాస్తు వ్రాసిపెట్టడం కూడా విద్యాదానమే. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098 నంబరుకు ఎవరైనా ఫోను చేయవచ్చు.

నాలుగోది, ఇచ్చిన తరువాత బిడ్డ నుంచి ఏమీ కోరకూడదు. కృతజ్ఞతా ఉత్తరం, వేదిక మీద నమస్కారం, దాతతో ఛాయాచిత్రం వంటివన్నీ బిడ్డ మెడకు తగిలించే ఋణపత్రాలు. వారాలిచ్చిన మన తల్లులు విస్తరి ముందు కూర్చున్న బాలుణ్ణి ఏనాడూ పొగడ్త అడగలేదు. ‘ఇంకొంచెం వడ్డించనా నాయనా’ అని మాత్రమే అడిగారు.

అయిదోది, మధ్యలో మానకూడదు. పండుగ నాడు ఒక పూట మిఠాయి పంచడం సులువు. పదో తరగతి దాకా ఏటేటా రుసుము కట్టడం వ్రతం. కొద్ది మొత్తమైనా క్రమంగా అందేదే బిడ్డకు ధైర్యం.

భగవంతుడి మీద భారం వేశానన్న ముల్లర్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. తెల్లవారుజామునే లేచి ప్రార్థించారు, పగలంతా శ్రమించారు, రాత్రి లెక్క వ్రాశారు. ఆయన ప్రార్థించిన ఉదయాలలో ఎక్కడో ఒక కుట్టుపని స్త్రీ తన పెట్టె తెరిచింది. ప్రార్థన చేసేది ఒకరైతే దానికి బదులుగా దేవుడు కదిలించే చేయి మరొకరిది. మన వీధిలో ఈ పూట ఏ పసిబిడ్డ ఏ దేవుణ్ణి వేడుకుంటున్నాడో మనకు తెలియదు. ఆ మొర ఆలకించే భాగ్యం మన ఇంటికి దక్కాలని కోరుకోవడమే మనం చేయదగిన ప్రార్థన.